ఎవరి తాలూకూ కాని మూడు రోజులు

పెడన,
9 నవంబరు 1998.

నఫీసాకి,

మేం బాగున్నాం, మీరూ బాగుండే ఉంటారు. క్షేమసమాచారాలు ఇంతటితో సరి. నీతో పనిపడి రాస్తున్నాను.

మేం పెడన వదిలేస్తున్నాం. ఉగాది వెళ్ళగానే సూరత్ ప్రయాణం. మా మరిది హరిబాబు అక్కడ మరమగ్గాల చీరల వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు కదా, అన్నని కూడా రమ్మంటున్నాడు. మా దగ్గర నూలు పట్టుకెళ్ళి నేసే ఇళ్ళు ఒకప్పుడు వీధి పొడుగునా ఉండేవి. ఇప్పుడు మగ్గం చప్పుడు వినాలంటే పక్క వీధికి వెళ్ళాలి. మా ఆయన ఏడాదిపాటు నలిగి నలిగి సరే అన్నాడు. నన్నెవరూ అడగలేదు, నేనూ కాదనలేదు.

వెళ్ళేలోపు నాకొక్క కోరిక తీరాలి. విజయవాడలో పుట్టి, పెడనలో కాపరం చేసి, నలభై దాటాక కూడా మన కృష్ణ బ్యారేజీ దాటి ఎటెటు తిరిగి సముద్రంలో కలుస్తుందో నేను చూడలేదు. హంసలదీవి వెళ్ళలేదా అంటావేమో. మాఘ పౌర్ణమి స్నానాలకి లారీలో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అందరూ స్నానానికి పోతూ నన్ను పులిహోర గిన్నెల దగ్గర కాపలా పెట్టారు.

సైకిళ్ళ మీద వెళ్దాం. నువ్వూ నేనూ, అంతే. యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కి, ఏటి పక్కనే సముద్రం దాకా. మూడు రోజులు చాలు.

ఎందుకో చెప్తాను, నవ్వకు. ఈ ఇరవై ఏళ్ళలో నేనెక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరి తాలూకునే. సీతారావమ్మగారి పెద్దకోడలు, అంకమ్మరావుగారి భార్య, ఫలానావాళ్ళ పిన్ని. ఆ మూడు రోజులూ దారిలో ఎవరైనా ‘మీరెవరి తాలూకండీ’ అంటే, ‘ఎవరి తాలూకూ కాదండీ’ అని చెప్పి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోవాలి. అదీ నా కోరిక.

ప్లానంతా నీదే. ఇంట్లో ఏం కూర, ఎవరికి కాఫీ, ఎవరికి టీ, ఏ బేరం ఎప్పుడు అని పొద్దున్న లేచింది మొదలు నేనే తేల్చాలి. తేల్చీ తేల్చీ విసుగొచ్చింది. కాలేజీలో ఎక్స్‌కర్షన్ అంటే నువ్వేగా. ఎక్కడ ఆగాలో, ఏం తినాలో నువ్వు చెప్పు, నేను తొక్కుతాను. మా ఆయనకి చెప్పాను. “అమ్మతో మాత్రం నఫీసా ఇంట్లో మూడు రోజులుంటానని చెప్పు” అన్నాడు. అదీ పూర్తిగా అబద్ధం కాదులే. బయల్దేరేది మీ ఇంటి నుంచేగా.

నీ
నాగదుర్గ


విజయవాడ,
17 నవంబరు 1998.

నాగూ,

సూరత్ మాట చదివి ముందు కోపమొచ్చింది. పెడనలో ఉంటే ఏడాదికోసారైనా వస్తావు, అంత దూరం పోతే ఇక రావు. ఆ కోపం పక్కన పెట్టి మిగతాది చదివాను. సోషల్ టీచర్ని పట్టుకుని దారి గీయమన్నావు, ఇక చూసుకో. నిన్న ఎనిమిదో తరగతి గోడకున్న జిల్లా మ్యాపు ఇంటికి తెచ్చేశాను.

సైకిలు గురించి బెంగ వద్దు. నేనిప్పుడు రోజూ స్కూలుకి సైకిలు మీదే వెళ్తున్నాను. నీకెప్పుడూ రాయలేదు కదా.

ఈ ప్రయాణం ఒంటికి కొలిచి కుట్టిన జాకెట్టులా నీకు సరిగ్గా సరిపోవాలి. అందుకని అడుగుతున్నాను. ఎన్నింటికి లేస్తావు? ఎండ పడుతుందా? ఏం తింటావు, ఏం తినవు? ఏం చూడాలనుంది? కరకట్ట వెంట మీవాళ్ళెవరైనా ఉన్నారా? అన్నీ వివరంగా రాయి. డిసెంబరు మొదటివారంలో వెళ్ళిపోదాం.

మా ఆయనకి చెప్తే నవ్వాడు. రిజ్వాన్ నవ్వితే సరే అన్నట్టే.

నీ
నఫీసా


పెడన,
24 నవంబరు 1998.

నఫీసాకి,

నీ ప్రశ్నలు చదువుతుంటే హాయిగా ఉందే. నాకేం కావాలని అడిగినవాళ్ళు ఈ మధ్య లేరు.

రోజూ తెల్లవారకముందే లేస్తాను కాబట్టి ఆ మూడు రోజులూ ఎండ మొహమ్మీద పడేదాకా లేవను. వంకాయ తప్ప ఏదైనా తింటాను. వంకాయ మా ఇంట్లో రోజూ ఉంటుంది. లంకల్లో అరటితోటలు చూడాలి, ఎక్కడైనా పడవ దాటాలి, ఒక్కరాత్రైనా ఆరుబయట పడుకోవాలి. చివర సముద్రం.

మావాళ్ళున్న ఊళ్ళంటావా, తోట్లవల్లూరులో మా అత్తగారి చెల్లెలు హనుమాయమ్మగారు, మోపిదేవిలో మా ఆయన మేనత్తవాళ్ళు, కోడూరులో మా పెదనాన్న కొడుకులు. ఇవి దృష్టిలో పెట్టుకుని ప్లాను వెయ్యి.

నీ
నాగదుర్గ


విజయవాడ,
8 డిసెంబరు 1998.

నాగూ,

నువ్వు తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. డిసెంబరు మొదటివారం కుదరలేదు. హాఫ్ ఇయర్లీ పరీక్షలు, పేపర్లు దిద్దడం. ఆ వెంటనే రంజాన్ నెల. ఉపవాసంతో కరకట్ట మీద ఎండలో తొక్కలేను. పండగ వెళ్ళాక, జనవరి ఆఖర్న.

ఈలోగా ప్లాను పక్కాగా తయారవుతుంది. నువ్వు కనిపెట్టలేనంత బాగా వేస్తున్నాను.

నీ
నఫీసా


విజయవాడ,
25 జనవరి 1999.

నాగూ,

పండగ బాగా జరిగింది. నీకోసం సేమ్యా ఎండబెట్టి ఉంచాను.

ఇక విను. మాఘ పౌర్ణమి జనం తగ్గాక, ఫిబ్రవరి రెండోవారంలో బయల్దేరతాం. మొదటిరోజు పొద్దున్న చల్లగా ఉండగా తొక్కి తోట్లవల్లూరు చేరతాం. హనుమాయమ్మగారింట్లో భోజనం, నిద్ర. రెండోరోజు మోపిదేవి మేనత్తగారింట్లో దిగుతాం, వాళ్ళే గుడికి తీసుకెళ్తారు. మూడోరోజు కోడూరు. మీ అన్నయ్యలు జీపులో సముద్రం దాకా దిగబెడతామన్నారు. అందరికీ కార్డులు రాసేశాను, అందరూ జవాబులూ రాశారు. హనుమాయమ్మగారైతే వంకాయ వండనని ప్రత్యేకంగా రాయించారు.

ఇంతకంటే భద్రమైన దారి లేదు. ఎక్కడా పరాయి గడప తొక్కే పని లేదు. ఎలా ఉంది నా ప్లాను?

నీ
నఫీసా


పెడన,
3 ఫిబ్రవరి 1999.

నఫీసా,

నీ ప్లాను ఎలా ఉందని అడిగావు. చెప్తాను.

ఆ మూడు ఊళ్ళూ నేనెందుకు రాశాననుకున్నావు? తప్పించుకుని వెళ్ళడానికే. ఏ ఊరు వస్తే తల దించుకుని గబగబా తొక్కాలో తెలియాలని రాశాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాళ్ళని చూశాను. నువ్వు మూడు ఊళ్ళ పిల్లులకీ శుభలేఖలు పంపావు.

హనుమాయమ్మగారు నీకు జవాబు రాసి ఊరుకోలేదు, మా అత్తగారికి కబురు పెట్టారు. ‘ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ గడప తొక్కని కోడలు ఊరొదిలేటప్పుడైనా వస్తోంది, చీర కొని ఉంచాను’ అని. అదయ్యాక మోపిదేవి నుంచి ఇంకో కబురు, వాళ్ళూ చీర కొన్నారు. చీర పెట్టి, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి, వాళ్ళ పిల్ల సంబంధం సంగతి చెప్పకుండా వాళ్ళు పంపరు. సైకిలుకి అటో సంచి ఇటో సంచి చీరలు వేలాడేసుకుని నేను ఇంటింటికీ బట్టలమ్మేదానిలా సముద్రం చేరాలి. బట్టల వ్యాపారం నాకు ఇంట్లోనే ఉంది కదే, దానికోసం కరకట్ట ఎక్కాలా?

ఇది కాదు అసలు సంగతి. మా అత్తగారు నాలుగురోజులు ఆలోచించి ఒక మాటన్నారు. “అందరికీ చెప్పి వెళ్ళాల్సిందేగా, సైకిలెందుకే, టాక్సీ మాట్లాడి అందరం వెళ్దాం” అని. పులిహోర చెయ్యమని కూడా చెప్పారు.

ఒక్క కోరికే నఫీసా. అది కూడా ఊరందరిదీ అయిపోయింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోతోంది.

నాగదుర్గ


విజయవాడ,
10 ఫిబ్రవరి 1999.

నాగూ,

నువ్వు కోప్పడ్డావు, పడతాను. కానీ నా మాట కూడా విను.

బంధువులున్న ఊరి మీదుగా వెళ్తూ వాళ్ళింటికి వెళ్ళకుండా పోవడం మా ఇంట్లోనూ లేదు, మీ ఇంట్లోనూ లేదు. ఆ ఊళ్ళు రాస్తే దిగడానికే రాశావనుకోనా? పైగా ఇద్దరం ఆడవాళ్ళం. చీకటి పడితే ఎక్కడ పడుకుంటాం? ఎవరి తాలూకూ కాదని చెప్పుకోవడం నీకు సరదా. నేను పేరు చెప్పగానే అవతలివాళ్ళు ఇంకోసారి మొహం చూస్తారు. చాలామంది మంచివాళ్ళే, అన్నం పెట్టేవాళ్ళే. అయినా నాకు ముందు ఒక తెలిసిన గడప ఉండాలి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

సరే, ప్లాను మార్చాను. రిజ్వాన్ స్నేహితుడు జాన్‌బాబు దగ్గర వాను ఉంది. అతను సామానేసుకుని మన వెనకే వస్తాడు. అలిసిపోతే ఎక్కి కూర్చోవచ్చు. లేదా, సైకిళ్ళు వానులో వేసుకుని అవనిగడ్డ దాకా వెళ్ళిపోయి, అక్కణ్ణించి కాస్త దూరం తొక్కి, మళ్ళీ ఎక్కేద్దాం. అది నయమనిపిస్తోంది. మార్చి ఆఖర్న అయితే నాకు వీలు.

నీ
నఫీసా


పెడన,
16 ఫిబ్రవరి 1999.

నఫీసా,

పేరు గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. అది నాకు తట్టలేదు. తట్టకపోవడం నా తప్పే.

కానీ ఒకటి గమనించాను. ఉత్తరం ఉత్తరానికీ నీ ప్లానులో సైకిలు చిక్కిపోతోంది. మొదట మూడు రోజుల తొక్కుడనుకున్నాం. తర్వాత పొద్దున్న చల్లటి పూట మాత్రమే అయింది, చివర జీపొచ్చింది. ఇప్పుడు వాను వచ్చి సైకిళ్ళని కూడా లోపల కూర్చోబెట్టింది. మార్చి ఆఖరంటావు. ఉగాదికే మేం వెళ్ళిపోతున్నామని మొదటి ఉత్తరంలోనే రాశాను. నీకు తెలియక కాదు.

రావడం ఇష్టం లేకపోతే ఒక్క ముక్క రాస్తే పోయేది. ఇన్ని నెలలు నన్ను ఆశపెట్టి తిప్పడమెందుకు? నీకు వదిలేస్తే నిశ్చింత అనుకున్నాను. నా ఇంట్లో నేను తేల్చుకునే వంకాయ కూరే నయం.

మార్చి మొదటివారంలో మా తోటికోడలు సూరత్ వెళ్తూ వదిలేసిన సైకిలు బస్సు మీద వేయించుకుని యనమలకుదురు వస్తాను. ఒక్కదాన్నే వెళ్తాను. నువ్వు రానక్కర్లేదు.

నాగదుర్గ


విజయవాడ,
19 ఫిబ్రవరి 1999.

నాగూ,

నాకు సైకిలు రాదు.

ఎప్పుడూ రాదు. రోజూ స్కూలుకి తొక్కుతున్నానని రాసింది అబద్ధం. నీ మొదటి ఉత్తరం చదివిన సంతోషంలో, నువ్వు నన్ను కాక ఇంకెవరినైనా అడుగుతావేమోనని రాసేశాను. డిసెంబరుకల్లా నేర్చుకోవచ్చులే అనుకున్నాను. చిన్నపిల్లలు వారంలో నేర్చుకుంటారు కదా.

రోజూ తెల్లారుజామున బందరు కాలువ గట్టు మీద రిజ్వాన్ వెనక కారియరు పట్టుకుని లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుతాడు. వాకింగుకి వచ్చేవాళ్ళు నడక ఆపి చూస్తారు. మా జుబియా ఇంటర్ చదువుతోంది, కాలేజీలో ఎవరికీ చెప్పొద్దమ్మా అని బతిమాలింది. మోచేయి వాచి రెండు వారాలు బోర్డు మీద ఎడమచేత్తో రాశాను. ఇప్పటికి తిన్నగా పోవడం వచ్చింది. ఎక్కడం, దిగడం, తిరగడం రాలేదు. అందుకే తేదీలు జరిపాను. అందుకే బంధువులు, వాను. ఎంత తక్కువ తొక్కితే నా పరువు అంత దక్కుతుందని. పరీక్షలూ రంజానూ నిజమే, కానీ అవి నాకు కలిసొచ్చాయి.

కాలేజీలో మూడేళ్ళు నీ కారియరు మీదే కూర్చున్నాను. నేను చూసిన బెజవాడంతా నీ వీపు పక్కనుంచి తొంగిచూసిందే. ఒక్కసారి నీ పక్కన, నా సైకిలు మీద నేను రావాలనిపించింది. అంతకంటే ఏం లేదు.

నువ్వు ఒక్కదానివే వెళ్ళు. తిట్టాలనిపిస్తే తిట్టు. మ్యాపు దీంతో పంపుతున్నాను, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయో గుర్తులు పెట్టాను.

నఫీసా


పెడన,
23 ఫిబ్రవరి 1999.

నఫీసా,

ఒక్క అబద్ధానికి మూడు ఊళ్ళ బంధువులు, ఒక వాను. నువ్వు పిల్లలకి ఏం పాఠాలు చెప్తున్నావే?

మా అత్తగారితో తేల్చేశాను. టాక్సీ వద్దన్నాను, నఫీసా ఇంటికి వెళ్తున్నాను, అక్కణ్ణించి ఎక్కడికి వెళ్ళేదీ తిరిగొచ్చాక చెప్తానన్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. నాకూ కోపం తగ్గలేదు, నీమీద కూడా.

కారియరు గట్టిగా ఉన్న సైకిలు ఒక్కటి చూడు. ఒక్కటే. నీ బురఖా ఒకటి అదనంగా పెట్టుకో, తోట్లవల్లూరు దాటేదాకా నాకు కావాలి. ప్లాను మాత్రం తేకు.

నాగదుర్గ


విజయవాడ,
14 మార్చి 1999.

నాగూ,

నడుము ఇంకా నొప్పిగానే ఉంది. కారియరు మీద దిండు వేద్దామంటే వినలేదు నువ్వు. నా బురఖా అంచు గొలుసులో పడి జానెడు చిరిగింది, అతుకు కూడా వెయ్యడానికి లేదు. మొదటిరాత్రి చర్చి వరండాలో చాప వేసిచ్చిన శౌరమ్మగారికి కార్డు రాద్దామంటే ఆవిడ ఇంటిపేరు అడగలేదు. ఆవిడా మనల్ని ఏమీ అడగలేదు, అన్నం తిన్నారా అని తప్ప. ప్లాను ఉంటే ఇంటిపేరు రాసుకునేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న హనుమాయమ్మగారు మా ఇంటికొచ్చారు. కళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చి, కార్డు మీద అడ్రసు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు. కంగారులో కుర్చీ వెయ్యడం కూడా మర్చిపోయాను.

టీ తాగుతూ చెప్పారు. మొన్న కరకట్ట మీద నిలబడి ఉంటే ఇద్దరు సాయిబుల ఆడవాళ్ళు ఒకే సైకిలు మీద పోతున్నారట. ఎవరి తాలూకమ్మా అని అడిగితే, తొక్కే ఆవిడ ‘ఎవరి తాలూకూ కాదండీ’ అని ఆగకుండా వెళ్ళిపోయిందట.

ఇంకాస్త టీ పోస్తానన్నాను. ఆవిడ సంచిలోంచి చీర తీసి నా ఒళ్ళో పెట్టారు. “కళ్ళు సరిగా కనపడవు కానీ చెవులు బాగానే ఉన్నాయమ్మా. ఆ తొక్కిన ఆవిడకి ఇచ్చెయ్. అక్కకి నేనేం చెప్పనులే” అన్నారు. నెమలిపింఛం రంగు, జరీ అంచు. పార్సిలు చేస్తున్నాను. దీని గురించి నువ్వేం విసుక్కున్నా నేను వినను.

నీ
నఫీసా


సూరత్,
6 మే 1999.

నఫీసాకి,

చీర చేరింది. కట్టుకున్నాను కూడా. ఒక్క పదిమంది కళ్ళు తప్పించుకుంటే చాలనుకున్నాను, హనుమాయమ్మగారి దగ్గర అదీ కుదరలేదు. విసుక్కుందామంటే విసుగు రావడం లేదు, అదింకా విసుగ్గా ఉంది.

ఇక్కడ మూడో అంతస్తులో ఉంటున్నాం. పగలూ రాత్రీ మరమగ్గాల మోత. పెడనలో మగ్గం ఆగితే బెంగగా ఉండేది, ఇక్కడ ఆగితే బాగుండనిపిస్తుంది. మెట్ల మీద కనిపించినవాళ్ళందరికీ నేను హరిబాబు వదినని. వచ్చీరాని హిందీలో మా తోటికోడలు నన్ను అందరికీ అలాగే చూపిస్తుంది. నా పేరు అడిగినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. నెమ్మదిగా తెలుసుకుంటారులే అని మా ఆయన అంటాడు. ఆయనకేం, ఆయన పేరు షాపు బోర్డు మీద రాయించారు.

మా అత్తగారు రైల్లో మాట్లాడారు. మన ప్రయాణం గురించి ఒక్కటే అడిగారు, సముద్రం ఎలా ఉందని. ఇక్కడికొచ్చాక తోటికోడలూ అడిగింది. నిన్న మా ఆయన కూడా అడిగాడు.

ఏం చెప్పమంటావు? కోడూరు దాటగానే నా మోకాళ్ళు మొరాయించాయి కదా. సైకిలు కట్ట మీద పడేసి నేను ఏడ్చాను, నువ్వు చూశావు. అంతదూరం వచ్చి అక్కడ ఆగిపోతున్నానని వచ్చినంత కోపం నాకెప్పుడూ రాలేదు. నువ్వేమో బురఖా విప్పి సంచిలో కుక్కి, సైకిలు లేపి, పట్టుకో, వెనక ఎక్కు అన్నావు. నీకు ఎక్కడం రాదని నాకు తెలుసు, రాయి మీద కాలు పెట్టి ఎక్కావు. రెండుసార్లు ఇసుకలో పడ్డాం. మూడోసారి పోతూనే ఉంది. రిజ్వాన్ పట్టుకున్నట్టే పట్టుకోవే, వదలకు అని నువ్వు దారి పొడుగునా గోల. నీకు బ్రేకు వెయ్యడం రాదు కాబట్టి సముద్రం కనిపించినా ఆగలేదు. నీళ్ళలో చక్రం దిగాక ఆగింది.

అందరికీ ఒకటే చెప్తున్నాను. సముద్రం బాగానే ఉంది కానీ నఫీసా వీపు అడ్డమొచ్చింది, సరిగ్గా చూడలేదని. వాళ్ళు నవ్వుతారు, వేళాకోళమనుకుంటారు. నిజంగా నేను చూసింది అదే. చెమటకి తడిసిన జాకెట్టు, పక్కకి జరిగిపోయిన జడ, దానికి అటువైపు కాస్త నీలం. మూడేళ్ళు నువ్వు నా వెనక కూర్చుని ఇలాగే చూశావన్నమాట. నాకెప్పుడూ చెప్పలేదేం?

నీ
నాగదుర్గ